గుట్ట కింద గదులు

ఆ ఏడు వానలు కాస్త ముందే మొదలయ్యాయి. బడి తెరిచిన వారానికల్లా ముసురు పట్టుకుంది. ఎనిమిదో తరగతి సైన్సులో నేను మొదట చెప్పాల్సిన పాఠం నేల గురించి. రాయి ఎలా పగులుతుంది, పగిలిన రాయి ఎలా మట్టి అవుతుంది, ఆ మట్టి ఎలా కొట్టుకుపోతుంది. ఏళ్ళ తరబడి చెబుతున్న పాఠమే. పుస్తకం తెరవకుండా, పక్క గదిలో గోల వింటూ, సాయంత్రం కొనాల్సిన సరుకులు గుర్తు చేసుకుంటూ కూడా చెప్పగలను. అలా చెప్పగలగడమే నాకు విసుగు. బోర్డు మీద 'శైథిల్యం' అని రాయగానే వెనక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి. ఒకడు శిథిలం అంటాడు, ఇంకొకడు శీతలం అని రాసుకుంటాడు. వాళ్ళ తాత పళ్ళు కూడా శైథిల్యమేనా అని ఎవరో ఒకరు అడుగుతారు. ప్రతి ఏడూ ఇదే తంతు.

ఆ ఏడు మాత్రం నాకొక సౌకర్యం కుదిరింది. మా బడి ఒక గుట్టను ఆనుకుని ఉంటుంది. వేసవి సెలవుల్లో, కొత్త గదులకి చోటు కావాలని, గుట్టను బడివైపు నిలువుగా కోయించారు. కోసింది మా అన్నయ్య. మట్టి పనుల కాంట్రాక్టరు. మట్టి తవ్వే మిషను సొంతంగా ఒకటి ఉంది, దాన్ని తనే నడుపుతాడు. మా పాత గదుల వరస వెనక, కిటికీలోంచి పిలిస్తే వినబడేంత దూరంలో, రెండంతస్తుల మేడంత ఎత్తున కోత నిలబడింది.

నేను పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య, వదిన, వాళ్ళ కూతురు ఉండే ఇంట్లోనే ఉంటాను. నాన్న పోయాక బడి మానేసి, తట్టలు మోసి నన్ను చదివించింది అన్నయ్యే. ఆ సంగతి తనెప్పుడూ ఎత్తడు. నేనెప్పుడూ మరిచిపోను. వాళ్ళ కూతురు ఆ ఏడు నా తరగతిలోకే వచ్చింది. సన్నగా, కాలు ఒకచోట నిలవకుండా ఉంటుందని అందరూ పిట్ట అంటారు. ఇంట్లో నన్ను అత్తా అంటుంది, బళ్ళో టీచర్ అనాలి. మధ్యలో గేటు దగ్గర ఏమనాలో తోచక ఊరికే నవ్వుతుంది.

ఒక పొద్దున వాన తెరిపి ఇచ్చింది. పిల్లల్ని లేపి గది వెనక్కి తీసుకెళ్ళాను. పుస్తకంలో బొమ్మగా ఉండేది అక్కడ ఎదురుగా నిలబడి ఉంది. పైన గడ్డి వేళ్ళు వేలాడే నల్లటి మట్టి, అది జానెడు మందం కూడా లేదు. దాని కింద ఎర్రటి బంకమట్టి. ఇంకా కింద గులకరాళ్ళతో కలిసిన పసుపుపచ్చ పొర. అన్నిటికీ అడుగున, సగం రాయిగా సగం మట్టిగా, ఏదీ తేల్చుకోలేనట్టున్న పొర. పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. నేనూ అలాగే చూశాను.

అన్నయ్య అక్కడే నేల చదును చేస్తున్నాడు. మమ్మల్ని చూసి మిషను ఆపి కిందికి దిగాడు. ప్యాంటుకి చేతులు తుడుచుకుని, టీచర్ గారు ఏం పాఠం చెబుతున్నారని పిల్లల్ని అడిగాడు. అడుగు పొరలోంచి పిడికెడు రాయి పెరికి, ఇది రాయేనా అన్నాడు. రాయే అన్నారు పిల్లలు. పిడికిలి బిగించి తెరిచాడు. అది పొడిపొడిగా రాలింది. లోపల్నుంచే కుళ్ళిందని చెప్పాడు. కుళ్ళడం కాదు, శైథిల్యం అనాలని నేను సరిదిద్దాను. తను ఆ మాట అనబోయి మూడుసార్లు తడబడ్డాడు. పిల్లల సంతోషం చెప్పనక్కర్లేదు. ఆ వానాకాలం మొత్తంలో మేమందరం కలిసి నవ్విన రోజు అదొక్కటే.

పై పొర మట్టి తెమ్మని పిల్లల్ని పంపాను. పిట్ట చుట్టుదారిన గుట్ట మీదికెక్కి, గడ్డితో సహా ఒక పెళ్ళ పట్టుకుని దిగింది. పైన నేల చీలిందనీ, అందులో తన చెయ్యి పట్టిందనీ చెప్పింది. ఎండలకి చీలి ఉంటుంది, నాలుగు చినుకులు పడితే మూసుకుంటుందిలే అన్నాడు అన్నయ్య. నాకూ అలాగే అనిపించింది. రాయి ఉన్నచోటే పగలడం ఒకటి, ఉన్నచోటు వదిలి పోవడం ఇంకొకటి అని చెప్పి, గంట కొట్టేలోగా అందరినీ లోపలికి తోలాను.

నాలుగు చినుకులు కాదు, పదిరోజులు ఏకధాటిగా కురిసింది. ఒక పొద్దున జడ వేస్తుంటే పిట్ట, ఇప్పుడు మోచెయ్యి దాకా పడుతోందత్తా అంది. ఏమిటని అడగాల్సిన పని లేకపోయింది. మళ్ళీ ఎందుకెక్కావని కోప్పడి, ఆ సాయంత్రం గొడుగేసుకుని నేనే ఎక్కాను.

చీలిక కోత అంచుకి వెనకగా, విల్లు వంగినట్టు, ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగి ఉంది. గుట్ట మీద పడిన వాననీళ్ళు పాయలుగా దిగి వచ్చి దానిలోకి పోతున్నాయి. చాలాసేపు నిలబడ్డాను. ఎన్ని నీళ్ళు పోయినా అది నిండలేదు.

ఇంటికొచ్చేసరికి అన్నయ్య వసారాలో కూర్చుని టీ తాగుతున్నాడు. చెప్పులు విప్పకుండానే చెప్పాను.

"అన్నయ్యా, ఆ చీలిక మూసుకోలేదు. పెద్దదైంది."

"వెళ్ళి చూశావా?"

"చూశాను. నీళ్ళన్నీ దాంట్లోకే పోతున్నాయి."

"పోనీ. బంకమట్టి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది. ఉబ్బి అదే పూడుకుంటుంది. మీ పుస్తకంలో లేదా?"

పుస్తకంలో ఉంది. అదే నన్ను ఇరకాటంలో పెట్టింది. నాకు తెలిసింది పుస్తకం, తనకి తెలిసింది గుట్ట. ఒక్కసారి పైకొచ్చి చూడమని అడిగాను.

"నేను కోసిన గుట్ట నాకు చూపిస్తావా చిట్టీ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "ఆ గదిలో కూర్చునేది నా కూతురు. ఆ మాత్రం చూసుకోనా?" అన్నాడు.

 చెప్పులు విప్పుకుని లోపలికి వెళ్ళాను.

ఆ తర్వాత బళ్ళో పాఠం చెబుతుంటే గది వెనక గులకలు రాలిన చప్పుడు వినబడేది. గుప్పెడు శనగలు నేల మీద జల్లినట్టుండేది. పిల్లలు తలలు కిటికీవైపు తిప్పేవాళ్ళు. నేను గొంతు పెంచేదాన్ని. ఒకరోజు చప్పుడు ఆగి ఆగి మళ్ళీ మళ్ళీ వచ్చింది. నేను వాక్యం సగంలో ఆపేసి, పిల్లల్ని వరండాలోకి పొమ్మని, నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్ళాను.

ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. మిగిలిన కాలం ఏ గొడవా లేకుండా గడిస్తే చాలని పైకే అనేవారు. అంతా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"కోసింది మీ అన్నయ్యే కదండీ?"

"అవును సార్."

"ఆయనేమంటున్నారు?"

"ఏమీ కాదంటున్నారు."

"మీకేమో భయంగా ఉందంటారు."

"అవును సార్."

ఆయన ముఖం చేత్తో రుద్దుకున్నారు. భయమేస్తోందని మూడు తరగతులు ఖాళీ చేయించానంటే పైవాళ్ళు నవ్వుతారన్నారు. అయినా అదే రోజు ఖాళీ చేయించారు, కొత్త గదుల పనులు చూసే ఇంజినీరుకి కబురు పెట్టారు. మూడు గదులకీ తాళాలు పడ్డాయి.

ఇంజినీరు మర్నాడు వచ్చాడు. బూట్లు పాడవుతాయని పైకెక్కలేదు. కిందనే గొడుగు పట్టుకుని అటూ ఇటూ చూసి, వానలు పోయేదాకా పనులు ఆపెయ్యమన్నాడు, కోత సంగతి ఆ తర్వాత తేలుస్తానన్నాడు. అన్నయ్య ఎందుకని అడిగితే, కూలీలందరి ఎదుటా, మీ చెల్లెలుగారే చెప్పారట కదా అన్నాడు.

ఇంటికొచ్చాక అన్నయ్య నన్నేమీ అనలేదు. భోజనం చేశాడు, చెయ్యి కడుక్కున్నాడు, వెళ్ళి పడుకున్నాడు. తిట్టినా బాగుండేది. వదిన గిన్నెలు సర్దుతూ, నావైపు చూడకుండా, బయట చెప్పేముందు ఇంట్లో చెప్పాల్సిందని అంది. చెప్పాను వదినా అన్నాను.

"ఇంకోసారి చెప్పాల్సింది," అంది.

అప్పట్నుంచి సైకిళ్ళ షెడ్డే మా బడి. పైన రేకులు, మూడు పక్కలా గాలి. మూడు తరగతుల పిల్లలు ఒకరి వీపుకి ఒకరు ఆనుకుని కూర్చునేవాళ్ళు. వాన రేకుల మీద పడుతుంటే నేను చెప్పేది నాకే వినబడేది కాదు. లెక్కల మాస్టారూ నేనూ వంతులేసుకుని అరిచేవాళ్ళం. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయి, సాయంత్రానికి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. పిల్లల పుస్తకాలు చెమ్మకి ఉబ్బి మూతపడేవి కావు. తల్లిదండ్రులు వచ్చి గేటు దగ్గర సణిగి పోయేవాళ్ళు. భాష చెప్పే మాస్టారు రోజూ సంతకం పెడుతూ, గుట్టగారు ఎలా ఉన్నారండీ అని అడిగేవారు. బాగున్నారు సార్ అని చెప్పేదాన్ని. మొదట్లో అందరూ నవ్వేవాళ్ళు. తర్వాత ఆయన ఊరికే అలవాటుగా అడిగేవారు, నేను అలవాటుగా చెప్పేదాన్ని, ఎవరూ తలెత్తేవాళ్ళు కాదు.

ఇంట్లో అంతకన్నా కష్టంగా ఉండేది. అన్నయ్య కోతకి చెల్లెలే వంక పెట్టిందన్న మాట పాకిపోయింది. ఒప్పుకున్న పనుల వాళ్ళు ఒక్కొక్కరే, వానలు తగ్గాక చూద్దాంలే అని తప్పుకున్నారు. మిషను మీద టార్పాలిన్ కప్పి ఇంటిముందు నిలబెట్టాడు. కూర్చుని తినడం తెలియని మనిషి. గుమ్మంలో కుర్చీ వేసుకుని వానను చూస్తూ కూర్చునేవాడు. వదిన బట్టల కొట్లో కుట్టుపనికి కుదిరింది. పొద్దున్నే వంట చేసి, నా డబ్బా కూడా ఎప్పట్లాగే సర్ది పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ఆ డబ్బాలో సగం పిట్టకే పెట్టేసేదాన్ని.

మా మధ్య మాటలు మోసేది పిట్ట. అందరం ఒకే గదిలో ఉన్నా, అత్తా, నాన్న గొడుగు ఎక్కడ పెట్టావని అడుగుతున్నాడు అనేది. తలుపు వెనక ఉందని చెప్పు అనేదాన్ని. నాన్నా, తలుపు వెనకట అనేది. దానికి మొదట ఇది ఆటలా ఉండేది. కొన్నాళ్ళకి విసుగెత్తి, మీరే మాట్లాడుకోండి, నాకు హోంవర్కుంది అని లేచిపోయింది. ఆ రోజు ఎవరికీ గొడుగు దొరకలేదు.

గుట్ట మాత్రం ఉన్నచోటే ఉంది. వాన పెద్దదైనప్పుడల్లా నా చెవి అటే ఉండేది. ఒక మధ్యాహ్నం షెడ్డులో పాఠం చెబుతుండగా ఎక్కడో పెద్దగా ఉరిమింది. గుట్ట పడిందేమో అనుకున్నాను. అనుకున్న క్షణంలో నాకు కలిగింది భయం కాదు. బరువు దిగినట్టయింది. పడలేదని తెలిశాక ఆ బరువు మళ్ళీ వచ్చి కూర్చుంది. సుద్దముక్క పెట్టేసి, పంపు దగ్గరికెళ్ళి, ముఖం మీద నీళ్ళు కొట్టుకున్నాను. పిల్లలకి ఒంట్లో బాగాలేదని చెప్పాను. అది అబద్ధం కూడా కాదు.

వానాకాలం సగం దాటాక అన్నిటికన్నా పెద్ద వాన వచ్చింది. పొద్దున్నుంచే చీకటి. షెడ్డులోకి నీళ్ళు వచ్చేస్తే హెడ్మాస్టరు మధ్యాహ్నానికే బడి వదిలేశారు. నేను ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కుర్చీ ఖాళీగా ఉంది. వదిన ఇంకా కొట్లోనే ఉంది. కాసేపటికి పిట్ట తడిసి ముద్దై వచ్చింది. నాన్న బళ్ళో మా తరగతి గదిలో కూర్చున్నాడత్తా అంది. పిలిస్తే రాలేదట, నువ్వు ఇంటికి పో అన్నాడట. టీ కొట్టు దగ్గర ఎవరో, నీ కోత కింద నువ్వు కూర్చుంటావా అన్నారనీ, ఎందుకు కూర్చోనని తను లేచి వెళ్ళి వాచ్‌మన్‌ చేత తాళం తీయించాడనీ తర్వాత తెలిసింది. పిట్టని పక్కింట్లో కూర్చోబెట్టి నేను వెళ్ళాను.

తలుపు తీసే ఉంది. లోపల చెమ్మవాసన. అన్నయ్య మూడో బెంచీలో, పిట్ట కూర్చునే చోట, మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూర్చుని ఉన్నాడు.

"అన్నయ్యా, ఇంటికి పద."

"నువ్వు పో చిట్టీ. తడిసిపోయావు."

ఆ పిలుపు విని చాలా రోజులైంది.

"నువ్వొస్తే వెళ్తాను."

"నేను రాను. ఈ వాన వెలిసేదాకా ఇక్కడే కూర్చుంటా. రేపు మీ హెడ్మాస్టరుకి చెప్పు, మా అన్నయ్య కూర్చున్నాడు, ఏమీ కాలేదని."

 పక్క బెంచీలో కూర్చున్నాను.

"నువ్వెందుకు?" అన్నాడు చిరాగ్గా.

"కాళ్ళు నొప్పులు."

 బోర్డు మీద నేను ఆఖరిసారి రాసింది చెమ్మకి అక్కడక్కడా చెదిరి ఇంకా కనబడుతోంది. అన్నయ్య దాన్ని కూడబలుక్కుంటూ చదివాడు. పెదవులు కదిలాయి గాని చప్పుడు లేదు.

"మట్టి తయారవడానికి ఎన్నాళ్ళు పడుతుందని రాశావు అక్కడ?"

"అంగుళానికి వందల ఏళ్ళు."

"నేను ఒక పూటలో లేపేస్తా," అన్నాడు. గొప్పగా అనలేదు, బాధగానూ అనలేదు. అలిసిపోయిన గొంతుతో, అది తన పని కాబట్టి అన్నాడంతే.

వాన ఇంకా హెచ్చింది. గులకలు రాలిన చప్పుడు వచ్చింది. అది నాకు అలవాటైన చప్పుడే. కానీ అన్నయ్య తల పక్కకి వంచి విన్నాడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఊచలు పట్టుకుని చాలాసేపు కిందికే చూస్తూ నిలబడ్డాడు. నేనూ లేచి వెళ్ళాను. కోత అడుగున, గులకల పొర దగ్గర, పంపు విప్పినట్టు ఒక ధార పుడుతోంది. అది మా గోడ పక్కన కాలవై పారుతోంది.

"ఇందాక నేనొచ్చినప్పుడు తేటగా ఉన్నాయి నీళ్ళు," అన్నాడు, నాతో కాదు.

ఇప్పుడు టీ రంగులో ఉన్నాయి. మేం చూస్తుండగానే ఎరుపు చిక్కబడింది. ఇటుకపొడి కలిపినట్టయింది. గుట్ట లోపల్నుంచి మట్టి కొట్టుకొస్తోందని ఇద్దరికీ అర్థమైంది.

అన్నయ్య ఊచలు వదిలేశాడు.

"లే. పద," అన్నాడు. నేను నిలబడే ఉన్నాను, అయినా లే అన్నాడు. చిన్నప్పుడు రోడ్డు దాటించినట్టు మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. తలుపు మూసి తాళం వేశాడు. తొందరపడలేదు, వెనక్కి చూడలేదు. గేటు దాకా వెళ్ళాక ఆగి, ఇద్దరం వానలో నిలబడి గుట్టవైపు చూశాం. ఏమీ కాలేదు. పొద్దుగూకేసరికి వాన సన్నబడింది. గుట్ట అలాగే ఉంది. ఇంటికొచ్చి, తల తుడుచుకుని, ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళాం.

మర్నాడు పొద్దున మిషను చప్పుడికి మెలకువ వచ్చింది. వదిన వసారాలో నిలబడి, ఎవరు పిలిచారని అడుగుతోంది.

"ఎవరూ పిలవలేదు."

"మరి?"

"కోత సరిగ్గా కుదరలేదు. మెట్లు చెయ్యాలి."

ఆ సంగతి మీద అన్నయ్య అప్పుడూ తర్వాతా అన్నది అంతే. హెడ్మాస్టరుని అడిగి, ఇంజినీరు అనుమతి కోసం ఆగకుండా మొదలుపెట్టాడు. ముందు పార పట్టుకుని ఒక్కడే పైకెక్కి, చీలికకి ఎగువన కాలవ తీసి వాననీళ్ళని గుట్ట అవతలి పక్కకి మళ్ళించాడు. చీలికలో బంకమట్టి కూరి దిమ్మిసతో కొట్టాడు. ఆ తర్వాత చుట్టుదారిన మిషనుని పైకెక్కించి, నిలువు కోతని పైనుంచి మెట్లుమెట్లుగా దించుకుంటూ రావడం మొదలుపెట్టాడు. చీలిన గుట్ట మీద అంత బరువుతో పని. ఎంత ప్రమాదమో తెలుసుకోవడానికి పుస్తకం చదవక్కర్లేదు.

ఆ రోజు వదిన కుట్టుపనికి వెళ్ళలేదు. బడి గేటు పక్కన, రాయి మీద, గొడుగేసుకుని కూర్చుంది. షెడ్డులోంచి నాకు కనబడుతూనే ఉంది. విరామంలో టీ పట్టుకుని వెళ్ళాను. గ్లాసు తీసుకుంది గాని తాగలేదు. చూపు గుట్ట మీదే ఉంది.

"నువ్వు చెప్పింది నిజమైతే ఇప్పుడు పడాలి కదా," అంది.

గొడుగు పిడి భుజానికి ఆనించుకుంది.

"అబద్ధమవ్వాలని కూర్చున్నానిక్కడ."

"నేనూ అదే కోరుకుంటున్నాను వదినా."

నా ముఖంలోకి చూసింది. అన్ని వారాల తర్వాత చూడటం అదే మొదటిసారి. కాసేపటికి రాయి మీద కొంచెం పక్కకి జరిగింది. గొడుగు నావైపు వంచింది. గంట కొట్టేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. 

వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా చేస్తూ, పడినప్పుడల్లా ఆపుతూ, ఆ పని చాలా రోజులు సాగింది. గుట్ట పడలేదు. ఈనాటికీ పడలేదు. మెట్లు చేశాడు కాబట్టి పడలేదా, చెయ్యకపోయినా పడేది కాదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఎవరూ అడగనూ లేదు. అడగకుండా చేసిన పనికి కూలి ఉండదని ఇంజినీరు పని మొదలైన రోజుల్లోనే చెప్పాడు. ఆఖరి మెట్టు పూర్తయ్యాక అన్నయ్య మిషను అమ్మేశాడు. దాన్ని కొన్నవాళ్ళ దగ్గరే నడపడానికి కుదిరాడు. తన మిషనే, తన సీటే, పొద్దున వెళ్ళేటప్పుడు తాళంచెవి మాత్రం వేరేవాళ్ళని అడిగి తీసుకోవాలి. వదిన కుట్టుపని మానలేదు. మేం మళ్ళీ మాట్లాడుకోవడం ఎప్పుడు మొదలుపెట్టామో గుర్తులేదు. ఒకరోజు పిట్ట లేనప్పుడు ఎవరికో ఏదో కావాల్సి వచ్చి ఉంటుంది. ముందున్నంత మాట్లాడుకునేవాళ్ళం కాదు. సరిపడా మాట్లాడుకునేవాళ్ళం.

వానాకాలం చివరికొచ్చింది గాని పోలేదు. ఒక సాయంత్రం హెడ్మాస్టరు నన్ను పిలిచారు. ఇంజినీరు వచ్చి చూసి బాగుందన్నాడట. తల్లిదండ్రులు ఊపిరాడనివ్వడం లేదట. షెడ్డులో ఇద్దరు పిల్లలకి జ్వరాలు కూడా వచ్చాయి. గదుల తాళాలు తీసి చీపురు పట్టించానన్నారు.

"మీరే వద్దన్నారు కాబట్టి మీరే చెప్పండి. రేపట్నుంచి కూర్చోబెట్టమంటారా?"

రేపు చెబుతానన్నాను. గది వెనక్కి వెళ్ళి మెట్లని చూశాను. నున్నగా, తీరుగా ఉన్నాయి. అడుగున గులకల దగ్గర తడి ఉంది. అంత తడి ఉండొచ్చో కూడదో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా పిల్లలకి చెప్పగలిగేదే. నా గొంతు పూర్తిగా దెబ్బతింది, షెడ్డులో ఇంకొక్క పూట కూడా అరవలేను. తాళాలు తీసిన గదులు, ఆరిన బెంచీలు, నాలుగు గోడలు చూస్తుంటే, సరే పెట్టండి అనెయ్యాలని ప్రాణం లాగింది.

అన్నయ్య పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. వదిన తువ్వాలు పట్టుకుని నిలబడింది. నేను వసారా అంచున కూర్చుని అడిగాను.

"గదులు తెరుస్తామంటున్నారు అన్నయ్యా. పిల్లల్ని పెట్టమంటావా?"

నీళ్ళు పోసుకోవడం ఆపాడు. వెంటనే చెబుతాడనుకున్నాను. తువ్వాలు తీసుకుని ఒక కాలు తుడుచుకున్నాడు, రెండో కాలు తుడుచుకున్నాడు. వదిన అన్నయ్య ముఖం వంకే చూస్తోంది.

"తెలీదే చిట్టీ," అన్నాడు. "చెయ్యగలిగింది చేశాను. లోపల ఏముందో నాకు తెలీదు."

వదిన తువ్వాలు అందుకుని లోపలికి వెళ్ళింది. మేమిద్దరం అక్కడే కూర్చున్నాం. 

పొద్దున హెడ్మాస్టరు గదుల వరస ముందే ఎదురుచూస్తూ నిలబడి ఉన్నారు. చేతిలో తాళాలు. వానలు పోయేదాకా వద్దు సార్ అన్నాను. గొంతులోంచి సగమే వచ్చింది. ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. ఇంజినీరు బాగుందన్నాక మీకింకా ఏమిటండీ అన్నారు.

"మా అన్నయ్యని అడిగాను సార్. తెలీదన్నాడు."

"ఎవరు, ఆయనా?"

"అవును సార్."

"తెలీదన్నారా?"

తలూపాను. ఆయన చాలాసేపు గుట్టవైపు చూశారు. తర్వాత ఒక్కొక్క గది దగ్గరికీ వెళ్ళి, తలుపు దగ్గరికి లాగి, తాళం వేసుకుంటూ వచ్చారు.